మూడో టేబుల్ దాటిన గంట

“ఏజెంట్ 41. ఈ రోజే. తొమ్మిదిన్నరకి.”

రిస్ట్‌వాచీలోంచి చీఫ్ గొంతు వినబడేసరికి అతను ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలోని చర్చి మెట్ల మీద ఉన్నాడు. 1987 ఏప్రిల్, ఆదివారం, ఉదయం తొమ్మిదీ పది. చెవి దురద పెట్టినట్టు నటిస్తూ వాచీని చెవికి ఆనించాడు.

“మిలిటరీ స్పెషల్ రైలు బయలుదేరింది. రాడార్లు, అరవైమంది జవాన్లు. శత్రువులు నది వంతెన కింద బాంబు పెట్టి, పైనున్న కరెంటు పెట్టె తెరిచి దాని వైర్లు కలుపుతారు. అక్కడి ఫోన్లన్నీ కోసేశారు. మనకి దొరికిన వాళ్ల మెసేజ్ విను. ‘ఆదివారం ప్రార్థన టైములో గంట పైకి పోదు. మూడు టేబుళ్లకీ ఒక్కడే నొక్కేస్తాడు.’ ఈ సంగతి వాళ్లకి ఎవరు చెప్పారు?”

అతను వాచీని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. చెప్పింది తనే మరి!

ఖరగ్‌పూర్ రైల్వే కంట్రోల్ రూంలో పదకొండు నెలలుగా అతను ఆపరేటర్ సత్యవేదం. అసలు పేరు గణపతిరావు. ఆ పేరు ఊరు మొత్తం మీద ఒక్కరికే తెలుసు. డిపార్ట్‌మెంట్ కొరియర్ హైమవతికి. నల్ల కళ్లద్దాలు, నీలం షిఫాన్ చీర. నెలకోసారి గోల్‌బజార్ బట్టల కొట్లో కలిసేది. “ఈ రంగు వెలుస్తుందా?” అంటే “రెండు ఉతుకులకి” అనాలి, అదీ కోడ్. కాగితం చేతులు మారాక, గొంతు తగ్గించి “వస్తాను గణపతీ” అనేది. ఆ ఒక్క పిలుపు కోసం మనవాడు నెలంతా కాచుక్కూర్చునేవాడు. ట్రైనింగులో తుపాకీ పేల్చడం నేర్పారు గాని, ఆదివారం మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని అన్నం ఎలా తినాలో ఎవడు నేర్పాడు? అందుకే పోయిన నెల, ఆమె ఇంకో పది నిమిషాలు నిలబడుతుందేమోనని ఆఫీసు కబుర్లన్నీ చెప్పేశాడు, పిచ్చివాడు.

కబుర్లంటే ఇవీ. వంతెన మీది కరెంటు పెట్టె మూత ఎవరు తెరిచినా మొదటి టేబుల్ మీద గంట మోగుతుంది. తొంభై సెకన్లలో ‘యాక్సెప్ట్’ బటన్ నొక్కకపోతే రెండో టేబుల్‌కి పోతుంది, అక్కడినుంచి మూడోదానికి. అక్కడా నొక్కకపోతే లైనులో కరెంటు దానంతటదే పోయి రైళ్లు ఆగిపోతాయి. నొక్కని వాళ్లకి మెమోలు వస్తాయి. అందుకని ముగ్గురు ఆపరేటర్లదీ ఓ ఒప్పందం. ఆదివారం సత్యవేదం, విల్‌ఫ్రెడ్ చర్చికి పోతే నూకరాజు ముగ్గురి బటన్లూ నొక్కుతాడు. అతని పండగలకి వీళ్లు నొక్కుతారు. మూత మీద కాకి వాలినా మోగే గంటలే కాబట్టి ఎందుకు మోగిందో ఎవరూ చూడరు.

“నొక్కనివ్వకు,” అన్నాడు చీఫ్. “కరెంటు ఆపే తాళంచెవి ఆఫీసరు దగ్గరుంది. ఆయన మలంచా పేటలో తన ఇంటికి తాళం వేసి ఎక్కడికో పోయాడు. ఇక ఆ రైలుని ఆపగలిగింది ఎవరూ పట్టించుకోని గంట ఒక్కటే. మనవాళ్లు వస్తున్నారు. ఆ తర్వాత కూడా నువ్వు సత్యవేదానివే. పోలీసులు చెబితే అడ్డుపడ్డానని చెప్పు. ఈ ఊళ్లో నీతో ఇంకా పనుంది.”

“హైమవతి...”

“ఆమే వాళ్ల మనిషి. ఇవాళే రుజువు దొరికింది. సారీ.”

అతను సైకిలెక్కాడు.

కంట్రోల్ రూంలో నూకరాజు టీ ఊదుకుంటున్నాడు. “ఏటి సత్తివేదం, సర్చి అప్పుడే అయిపోనాదేటి?”

సరిగ్గా అప్పుడే గంట మోగింది. మొదటి టేబుల్ మీద ఎర్రలైటు. బటన్ వైపు సాగిన నూకరాజు చేతిని అతను ఒడిసిపట్టాడు.

“నొక్కకు.”

“నీ టేబులే గదరా! మెమో వస్తాది!”

“రానీ.”

గంట రెండో టేబుల్‌కి పోయింది. నూకరాజు గింజుకున్నాడు. “ఓలమ్మో, ఇది విల్‌ఫ్రెడ్‌ది! ఆడికి ఇప్పటికే రెండు మెమోలు. పిల్లలుగలోడు. సెయ్యొదులు బాబూ, నీకు దణ్ణం పెడతాను!” నిజంగానే అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“వదిలెయ్ అతన్ని.”

గుమ్మంలో హైమవతి. చేతిలో బుల్లి పిస్టల్. మూడో టేబుల్ మోగడం మొదలెట్టింది. అతను నూకరాజుని వెనక్కి నెట్టి, బటన్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

“పక్కకి జరుగు. నిన్ను కాల్చాలని లేదు.”

“నాకూ జరగాలని లేదు.”

ఇంకా ఇరవై సెకన్లు. పది. ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది. అతనికి భయం వేసింది. భయం కన్నా ఎక్కువ ఏడుపొచ్చింది. మూడు. రెండు. ప్యానెల్ మీద లైను దీపాలన్నీ టక్కున ఆరిపోయాయి. వంతెనకి రెండు ఫర్లాంగుల ఇవతల మిలిటరీ స్పెషల్ ఆగిపోయింది.

ఆమె కాల్చలేదు. ఎందుకు కాల్చలేదో అతను తర్వాతెప్పుడూ ఎవర్నీ అడగలేకపోయాడు.

మఫ్టీవాళ్లు వచ్చి పిస్టల్ లాక్కున్నారు, చేతులకి బేడీలు వేశారు. గుమ్మం దాటుతూ ఆమె వెనక్కి తిరిగింది.

“గణపతీ!”

అతను ప్యానెల్ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె మళ్లీ పిలిచింది. మెట్ల మీంచి మూడోసారి వినబడింది. ఆ తర్వాత జీపు వెళ్లిపోయింది.

నూకరాజు స్టూలు మీద కూలబడ్డాడు. “ఎవుల్నిరా పిలిసినాది?”

“తెలీదు.”

“ఆ గణపతెవుడో గాని,” నూకరాజు నిట్టూర్చాడు, “పెట్టి పుట్టినోడురా. సేతులకి బేడీలేసినా ఆడినే తలుసుకున్నాది!”

సత్యవేదం అవునన్నాడు.