తొలిచూపు పత్రం

కాకినాడ తొలిచూపు కేంద్రంలో ఉదయం తొమ్మిదికే బల్లలన్నీ నిండిపోయాయి. అక్కాచెల్లెళ్ళు జోషిత, నైనిక గోడ పక్కన సర్దుకుని కూర్చున్నారు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళు. ఎదురుగా ఒక పెద్దమనిషి, ఢిల్లీని నాలుగోసారి మరిచిపోవడానికి వచ్చానని గొప్పగా చెప్పుకుంటున్నాడు. వేలంవెర్రి అంటే ఇదే మరి.

ఆ వెర్రికీ ఒక కారణం ఉంది. జనాన్ని తట్టుకోలేక ఢిల్లీ ఎనిమిదేళ్ళ కిందట ఒక కట్టుబాటు పెట్టింది. నగరం చూడనివాళ్ళకే అనుమతి, ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ రాకూడదు. రెండేళ్ళు తిరక్కుండానే స్మృతిమార్జని వచ్చింది. తలకు గిన్నెలా బోర్లించుకునే యంత్రం. ఊరి పేరు చెబితే ఆ ఊళ్ళో చూసింది, తిన్నది, పడ్డది అంతా తుడిచేసి చేతిలో తొలిచూపు పత్రం పెడుతుంది. ఆ పత్రం ఉన్నవాళ్ళు మళ్ళీ కొత్తవాళ్ళే.

"మనుషుల్ని మర్చిపోం కదమ్మా?" యంత్రం నడిపే అమ్మాయిని నైనిక అడిగింది.

"మర్చిపోరండి. ఆ ఊళ్ళో జరిగినవి, వాటి గురించి చెప్పుకున్నవి, అంతే పోతాయండి. ఖాళీ ఉన్నచోట మనసే ఏదో ఒకటి సర్దుకుంటుంది."

నైనికకు అమ్మ గుర్తొచ్చింది. పదిహేనేళ్ళ కిందట అమ్మను ఢిల్లీ ఆసుపత్రిలో నలభై రోజులు ఉంచారు. ఒక ఆదివారం జోషిత నర్సును బతిమాలి, చెల్లెల్ని తోడు పెట్టుకుని, ఇంకెవరికీ తెలియకుండా అమ్మను చక్రాల కుర్చీలో ఇండియా గేట్ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టర్లు వద్దన్న ఐస్‌క్రీమ్ తన చేత్తోనే తినిపించింది. అమ్మ చీర మీద సగం ఒలకబోసుకుని, "మందులన్నీ దండగే, ముందే ఇది పెట్టాల్సింది" అని నవ్వింది. ఆ వారంలోనే, ఆ ఢిల్లీ ఆసుపత్రిలోనే పోయింది.

"అక్కా, ఆ ఆదివారం కూడా పోద్దే."

"పోతే పోనీవే. ఆ ఆసుపత్రి కంపూ పోద్ది. ఢిల్లీ అంటే నాకు సెలైన్లే గుర్తొస్తున్నాయి. ఆ ఊరిని ఒక్కసారి ఊరులాగా చూడాలనుంది. ఇద్దరం కలిసి." జోషిత లేచి లోపలికి వెళ్ళింది. నైనిక వంతు మర్నాడు.

సాయంత్రం జోషిత ఇంట్లో ప్రయాణం గురించి రాసుకోవడానికి కూర్చున్నారు. జోషిత మొహం తేటగా ఉంది.

"మొదటి రోజు ఎర్రకోట. ఎండ ముదరకముందే కుతుబ్ మీనార్. నీకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి మధ్యాహ్నం పడుకుందాం. రెండో రోజు సాయంత్రం ఇండియా గేట్. అక్కడ ఐస్‌క్రీమ్ బళ్ళుంటాయంట."

ఆ మాట రాస్తూ రాస్తూ ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది.

"అమ్మకి ఐస్‌క్రీమంటే ప్రాణం కదే. నోరు కట్టుకోమని చంపుకు తిన్నాను. చివర్లో ఒక్క సరదా తీర్చలేదు. ఇక్కడే, ఈ కాకినాడ ఆసుపత్రి మంచం మీదే కన్నుమూసింది. ఎంత పాపిష్టిదాన్నే నేను."

పదిహేనేళ్ళుగా లేని నేరం అక్క నెత్తి మీదికి ఒక్క పూటలో ఎలా వచ్చిందో నైనికకు తెలుసు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఆదివారం సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. చూపిద్దామంటే ఆ రోజు ఎవరూ ఫొటో తీయలేదు.

జోషిత అంతా విని చెల్లెలి తల నిమిరింది. "చిన్నప్పట్నుంచీ అంతే నువ్వు. నేనేడిస్తే ఏదో ఒకటి కల్పించి ఊరుకోబెడతావు. పత్రం ఇచ్చారు కాబట్టి నేను ఢిల్లీ వెళ్ళే ఉంటాను. ఏ పెళ్ళికో వెళ్ళుంటాను. అమ్మెక్కడ, ఢిల్లీ ఎక్కడ?"

"ఒట్టక్కా."

"సర్లే. పొద్దున్నే నీ వంతు. వెళ్ళి పడుకో."

"నేను వెళ్ళను," అంది నైనిక.

"వెళ్ళకపోతే నీకు అనుమతి రాదే. ఇన్నాళ్ళ ఆశ."

"రాకపోతే మానె. నేనూ మర్చిపోతే అమ్మ నవ్విందని నీకు చెప్పేవాళ్ళుండరు."

జోషిత కలం పక్కన పెట్టింది. చెల్లెలు అబద్ధం కోసం ఢిల్లీ వదులుకునే మనిషి కాదని ఆమెకు తెలుసు.

"ఆ రోజు అమ్మ ఏ చీర కట్టుకుందే?" అని అడిగింది.