సోంబాయి ఛాయ

సోంబాయి గొంతులో కరుకు ఇంకా కొంచెం మిగిలింది. హైమావతి ఆ వాక్యాన్ని మళ్ళీ విని, తీవ్రతను మరో మెట్టు దించింది. “మా అడవిని మీరు తీసుకున్నారు” అన్న మాట “అడవుల విషయంలో మాకు కొన్ని ఆందోళనలు ఉన్నాయి” అయింది. పచ్చదీపం వెలిగింది. సంవాద మందిరంలో ఈ మధ్యాహ్నం ఆమె నింపవలసిన కుర్చీల్లో ఇదే ఆఖరుది.

మందిరం గుమ్మం మీద విశ్వవిద్యాలయపు బహుళతా సూచి మెరుస్తోంది. అన్ని ప్రాంతాలవాళ్ళు, అన్ని నమ్మకాలవాళ్ళు ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకునే చోటని అతిథులకు ముందు ఈ మందిరాన్నే చూపిస్తారు. చదువు మధ్యలో మానేసి వెళ్ళిపోయినవాళ్ళ ముఖాలు, గొంతులు, వాదనలు స్వరాగారంలో భద్రంగా ఉంటాయి. వాటితో అల్లిన ఛాయలు వాళ్ళ కుర్చీల్లో కూర్చుంటాయి. దూరం నుంచి హాజరవుతున్న సహాధ్యాయులని మిగతా విద్యార్థులు నమ్ముతారు. నిజం తెలిసిన కొద్దిమందిలో నిర్వాహకురాలు హైమావతి ఒకతె.

అసలు సోంబాయి ఆమెకు గుర్తుంది. రెండేళ్ళ క్రితం ఇదే బల్ల దగ్గర లేచి గోండిలో మాట్లాడింది. ఆ భాషలో మాటల తీవ్రతను కొలవడం మందిరపు యంత్రానికి చేతకాలేదు. మైకు దానంతటదే ఆగిపోయింది. ఆ సంగతి తెలియక సోంబాయి చాలాసేపు మాట్లాడుతూనే ఉంది. మర్నాడు హాస్టల్లో ఆమె మంచం ఖాళీ.

కొత్తగా చేరిన గోండు అమ్మాయి రాజుబాయి మందిరానికి రావడం ఈ రోజే మొదలు. ఎదురు కుర్చీలోని ముఖం చూడగానే ఆమె మొహం విప్పారింది. గోండిలో ఆప్యాయంగా ఏదో అడిగింది.

ఛాయ నవ్వింది. “మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాను,” అంది.

రాజుబాయి మళ్ళీ అడిగింది. ఈసారి నెమ్మదిగా, జ్వరంలో ఉన్న మనిషిని పలకరించినట్టు. ఛాయ అంతే నవ్వి, అదే మాట అంది.

రాజుబాయి కుర్చీ వెనక్కి జరుపుకుంది. “మేడం, ఈమె ఎవలు?”

“సోంబాయి. మీ ప్రాంతమే కదమ్మా. దూరం నుంచి...”

“సోంబాయక్క మా ఇంటి పక్కనే ఉంటది మేడం. మొన్న నన్ను బస్సెక్కిచ్చింది ఆమెనే. మాట్లాడకుండ తిరిగి రాకు అన్నది.” రాజుబాయి ఎదుటి ముఖంవైపు వేలు చూపించింది. “ఈమెకు మా మాటే వస్తలేదు.”

బల్ల చుట్టూ ఎవరూ కదల్లేదు. ఛాయలు మాత్రం ఒకే లయలో రెప్పలు వేస్తున్నాయి. హైమావతి చేతి కింద శాంతిమీట ఉంది. నొక్కితే రాజుబాయి మాట ఎవరికీ వినబడదు. కాసేపటికి అందరూ వేరే విషయంలో పడతారు. ఇన్నాళ్ళూ అలాగే జరిగింది.

ఆమె వేలు మీట మీద ఆని, వెనక్కి వచ్చింది.

“సోంబాయికి ఫోన్ చెయ్యమ్మా,” అంది.

రాజుబాయి ఫోన్ బల్ల మీద పెట్టి గోండిలో అంతా చెప్పింది. స్పీకరు నొక్కింది. తర్వాత, ఎవరూ తీవ్రత దించని గొంతు మందిరంలోకి వచ్చింది.

“నేను ఊర్లె ఉంటే నా కుర్చీల కూసున్నదెవలు? ముందుగాల దాన్ని లేపుండ్రి.”

హైమావతి లేపింది. సోంబాయి ముఖం నవ్వుతూనే పలచబడి మాయమైంది.

కిటికీ పక్కన కూర్చున్న విద్యార్థి కౌండిన్య తన పక్క కుర్చీవైపు తిరిగాడు. చేరిన నాటి నుంచీ రోజూ అతనితో వాదించి, అతని మాటకే మనసు మార్చుకున్న స్నేహితుడు అందులో ఉన్నాడు.

“మేడం,” అన్నాడు మెల్లగా, “ఇతను?”

కార్యాలయం నుంచి పిలుపు మోగుతోంది. హైమావతి దాన్ని మోగనిచ్చి, ఛాయలన్నిటినీ ఆపేసింది. వరసగా ముఖాలు ఆరిపోయాయి. కౌండిన్య చాచిన చేతికి చల్లటి కుర్చీ వీపు తగిలింది.

“సప్పుడు లేదేంది?” అంది ఫోన్లో సోంబాయి. “ఎవలన్న ఉన్నరా ఆడ?”

రాజుబాయి అంత పెద్ద బల్ల చుట్టూ చూసింది. కౌండిన్య, మూల కుర్చీలోంచి లేచి నిలబడ్డ ఇంకో అమ్మాయి, మేడం, తను.

“ఉన్నం అక్కా,” అంది. “నలుగురమే ఉన్నం. చెప్పు.”