తూర్పు అద్దం

“నువ్వే ఎక్కడో తప్పు కొట్టుంటావు,” అన్నాడు సోమశేఖరం, కాఫీ గ్లాసు మీంచి చూపు ఎత్తకుండా.

“తప్పు కొడితే అదే చెబుతుందండీ. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చెప్పాలి మీకు?” అంది ఇందుమతి.

“మరి నా పలక ఏనాడూ మొరాయించలేదే?”

“మీది మీ సొంత పలక.”

ఆమె ఇంటి పలక మీదికి మళ్లీ వంగింది.

కాకినాడలో ఇళ్లు మనుషుల మాటలు వినడం మానేసి ఇరవై ఏళ్లయింది. గోడలు విన్నవన్నీ ఎక్కడెక్కడికో చేరుతున్నాయని గొడవలయ్యాక, ఏ పని కావాలన్నా ఆనపలక మీద ఆజ్ఞను ఒక వరుసగా రాసి చెప్పాలన్న చట్టం వచ్చింది. నీళ్లు, దీపాలు, సరుకులు ఆ ఒక్క వరుసతోనే జరిగిపోతాయి. బతుకును మార్చే పనులకు మాత్రం అది చాలదు. అప్పుడు పలక ఇంట్లోని ఏదో ఒక అద్దంలో గవాక్షం తెరుస్తుంది. అందులో వచ్చిన పత్రం చదివి, మనిషి తన అరచెయ్యి అద్దానికి ఆనించాలి.

ఇందుమతికి ఆ గవాక్షమే తెరుచుకోవడం లేదు.

ఉప్పాడలో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే కేంద్రంలో షిఫ్టు ఇన్‌చార్జి ఉద్యోగం. మధ్యాహ్నం పన్నెండులోగా సమ్మతి తెలపాలి. ఈ మూడేళ్లలో ఆమె ఎంపికవడం ఇది నాలుగోసారి. ముందు మూడుసార్లూ ఇలాగే గవాక్షం కనబడలేదు. సాయంత్రానికి మాత్రం ‘అభ్యర్థి నిరాకరించారు’ అని కబురొచ్చింది. అడిగితే, నిరాకరణ మీ ఇంటి నుంచే వచ్చిందన్నారు. మూడోసారి తర్వాత ఆమె భర్త సోమశేఖరాన్నే అనుమానించింది. పైకి అనలేదు. ఆరు నెలలుగా అతని కంచంలో అన్నం వడ్డిస్తూ, అనుమానిస్తూనే ఉంది.

“ఇలా తే అమ్మా.” పదిహేడేళ్ల కూతురు మేఘన పలక లాక్కుంది. “అది చెప్పింది నువ్వు పూర్తిగా చదవవు. ఎర్రక్షరాలు చూడగానే మూసేస్తావు.”

“చదివితే మాత్రం నాకేం అర్థమవుతుందే?”

మేఘన పలకలోని పొద్దుటి చిట్టా పైకి తెచ్చి చదివింది: “గవాక్షం తెరిచాను. స్థానం, తూర్పు అద్దం. చెయ్యి సరిపోలలేదు, రెండుసార్లు. మూడోసారీ సరిపోలకపోతే నిరాకరణగా నమోదు చేస్తాను.” తలెత్తింది. “తెరుచుకుంటూనే ఉందమ్మా! మనం చూడని చోట. ఇంతకీ తూర్పు అద్దం అంటే ఏది?”

పలక మీద మేఘన చెయ్యి మాత్రం ఆగలేదు. మాట్లాడుతూనే వరుసను మళ్లీ నడిపేసింది.

సోమశేఖరం గ్లాసు కింద పెట్టాడు. “గృహప్రవేశం నాడు మొదటి గవాక్షం తూర్పుముఖంగా తెరవాలన్నారు కదా పంతులుగారు. పూజగదిలో అద్దం బిగించి, పసుపు రాసి...”

తర్వాత దాన్ని ఎవరూ మార్చలేదు. అతనూ మేఘనా సొంత పలకలు కొనుక్కున్నప్పుడు ఎవరి అద్దం వాళ్లు చెప్పుకున్నారు. ఇంటి పలకతో సరిపెట్టుకున్నది ఇందుమతి ఒక్కతే. ఆ అద్దం ముందు అత్తగారు కనకరత్నం పెద్ద వెంకటేశ్వరస్వామి పటం నిలబెట్టి కూడా మూడేళ్లయింది.

ఇందుమతి పూజగదికి పరుగెత్తింది. పటం వెనక నుంచి తెల్లటి వెలుగు గోడంతా పరుచుకుని ఉంది. కనకరత్నం మునివేళ్ల మీద నిలబడి, పటం పైన కనబడుతున్న అద్దం వైపు చెయ్యి చాస్తోంది.

“అత్తయ్యా, ఆగండి!” ఆ మణికట్టు పట్టుకుంది.

“ఏవిటే ఆ కంగారు? స్వామి పిలుస్తున్నాడు. పొద్దుటి నుంచి ఇది మూడోసారి.” ఆవిడ గొంతు తగ్గించింది. “నీకు ఉద్యోగం కబురొచ్చిన రోజునే ఇలా వెలుగొస్తుందే. నేను కనిపెట్టాను. అందుకే నీ పేరు చెప్పుకుని చెయ్యి ఆనించి కళ్లకద్దుకుంటున్నా. ఒక్కసారీ ఫలించలేదు. నా భక్తిలోనే ఏదో లోపముంది.”

“నానమ్మా, అసలు నీ చె...”

తల్లి చూసిన చూపుకు మేఘన నోరు మూసుకుంది.

“ఈసారి నేను పెడతాను అత్తయ్యా.” ఇందుమతి పటం జాగ్రత్తగా పక్కకు జరిపి, పత్రం రెండుసార్లు చదివింది. ఎండిన పసుపు మరక పక్కన అరచెయ్యి ఆనించింది. వెలుగు ఆరిపోయింది.

“గట్టిగా మొక్కుకున్నావా?”

“మొక్కుకున్నాను.”

బయటికొచ్చాక మేఘన మెల్లగా అడిగింది. “నీ గవాక్షం వంటింటి అద్దానికి మార్చేయనా?”

“మార్చు. తూర్పు అద్దాన్ని మాత్రం తీసెయ్యకు. అత్తయ్య దీపం పెట్టే వేళకి రోజూ ఒక ఖాళీ గవాక్షం అక్కడ తెరుచుకునేట్టు చూడు.”

“ఖాళీదా? దేనికీ?”

ఇందుమతి బియ్యం కడగడానికి వెళ్లిపోయింది.

భోజనాల దగ్గర సమ్మతి అందినట్టు కబురొచ్చింది. “చూశారా, ఇద్దరి చేతులూ పడేసరికి ఎలా అయిందో!” అంది కనకరత్నం. సోమశేఖరం తల్లినీ, భార్యనూ చూసి కంచం ముందుకు జరిపాడు. అతనికి పులుసు వడ్డిస్తూ ఇందుమతి అతని మొహంలోకి చూడలేకపోయింది. గరిటె గిన్నెలో పెట్టి, తన కంచం ముందు కూర్చుంది.

“ఎల్లుండి నుంచి పొద్దున్న ఆరింటి బండికి ఉప్పాడ వెళ్తున్నాను,” అంది, అన్నం కలుపుకుంటూ. “పొద్దుటి వంట ఇక నేను చెయ్యను.”