ఆగు, చూడు, మార్చు, సాగు

సామర్లకోట జంక్షన్ రెండో ప్లాట్‌ఫారం మీద, మధ్యాహ్నం పన్నెండూ పదికి, ఒక పెద్దమనిషి ఏసురాజుతో చెయ్యి కలిపాడు. పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వి, బాగున్నారా అన్నాడు. ఎవరో గుర్తు తెచ్చుకునే లోపే ఏసురాజుకి అరచేతిలో చీమ కుట్టినట్టయింది. ఆ పెద్దమనిషి ఉంగరానికి ఒక సన్నని సూది ఉంది.

ఎక్కవలసిన రాజమండ్రి పాసింజరు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. ఏసురాజు బెంచీ మీద అలాగే కూర్చునున్నాడు, ఒళ్ళో స్టీలు క్యారేజీ పట్టుకుని. టీ అమ్మే చిట్టియ్య వచ్చి భుజం తడితే పక్కకి ఒరిగిపోయాడు.

అది 2002 జూలై.

అన్నం క్యారేజీని ఎవరూ అనుమానించలేదు; సాయంత్రానికి అది రైల్వే పోలీసుల చేతుల మీదుగా రాజమండ్రి చేరింది. అక్కడ ఒక పంపుసెట్ల దుకాణం ఉంది. దాని ముందుగదిలో రైతులు మోటార్లు బేరమాడతారు. వెనకగది మాత్రం నేరుగా ఢిల్లీకి రిపోర్టు చేస్తుంది. ఆ గదికి చీఫ్ జగన్నాథరావు. ఆయన క్యారేజీ అడుగుగిన్నెను తిరగేసి మర తిప్పాడు. రెండో అడుగు ఊడి వచ్చింది. అందులో ఒక ఫ్లాపీ, మడతపెట్టిన కాగితం ఉన్నాయి. పైగిన్నెలోని పులిహోరని ఎవరూ ముట్టుకోలేదు.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ చంద్రరావు ఆ పులిహోర వైపే చూస్తున్నాడు. పదకొండేళ్ళుగా ఏసురాజు అతని పార్ట్‌నర్. ఆ ఉదయమే ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, ఇవాళే రావాలి, ఒక్కడివల్ల అయ్యే పని కాదు అన్నాడు. ఇవాళ మీటింగు ఉంది, రేపొస్తానులే అని చంద్రరావు ఫోన్ పెట్టేశాడు. రేపటిదాకా ఆగలేక ఏసురాజే బయలుదేరాడు.

చీఫ్ కాగితం చదివి విషయం చెప్పాడు. పాలకొల్లు దగ్గరి గ్యాస్ పైపులైను కంట్రోల్ స్టేషన్‌లో కంప్యూటర్లు విదేశాల నుంచి వచ్చాయి. వాటి సాఫ్ట్‌వేర్‌లో ఒక విదేశీ ముఠా తన ప్రోగ్రాం ముక్కల్ని దాచింది. రేపు మధ్యాహ్నం మూడున్నరకి అవి మేలుకుంటాయి. పెద్ద గొట్టంలోని గ్యాసు మొత్తం ఊళ్ళ మధ్యగా పోయే సన్నగొట్టాల్లోకి తిరుగుతుంది. మీటర్లు మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే చూపిస్తాయి.

"మెషిన్ ఆపేస్తే?" అన్నాడు చంద్రరావు.

"ఆపితే వెంటనే పేలుతుంది. అలాగే రాశారట."

"డీబగ్గర్ పెడితే?"

"అదే చిక్కు. నువ్వే చదువు."

డీబగ్గర్ అంటే నడుస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపి దాని కడుపులో ఏముందో చూపించే పనిముట్టు. కానీ మనిషి ఆపి, చూసి, మార్చి, మళ్ళీ నడిపించేసరికి కొన్ని సెకన్లు పడతాయి. ఆగడం అర సెకను దాటితే చాలు, తనని ఎవరో గమనిస్తున్నారని ఆ దొంగ ప్రోగ్రాంకి తెలిసిపోతుంది. అప్పుడది మూడున్నర దాకా ఆగదు.

అందుకే ఏసురాజు ఆ డీబగ్గర్‌కి ఒక చిన్న స్క్రిప్టింగ్ భాషను అతికించాడు. ఏం చెయ్యాలో ముందే రాసిస్తే డీబగ్గరే ఆపుతుంది, చూస్తుంది, సరిచేసి వదిలేస్తుంది. కనురెప్ప వాలేలోపు పని అయిపోతుంది. ఆ భాషలో నాలుగే ఆజ్ఞలు: ఆగు, చూడు, మార్చు, సాగు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఇదేం భాషరా అని చంద్రరావు ఒకప్పుడు తెగ నవ్వాడు.

"లోపల మనకో మనిషి ఉంది," అన్నాడు చీఫ్. "మంజుష. కంప్యూటర్లు పంపిన కంపెనీ తరఫు ఇంజనీరు. ముఠా దగ్గరా జీతం తీసుకుంటుంది, మనకీ కబుర్లు చెబుతుంది. ఎటు మొగ్గుతుందో నాకూ తెలీదు. జాగ్రత్త."

మర్నాడు రెండూ యాభైకి చంద్రరావు ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ స్టేషన్ గేటు దాటాడు. ఖాకీ చొక్కా, చేతిలో వాక్యూమ్ పంపు పెట్టె. పెట్టెలో పంపు లేదు, ల్యాప్‌టాప్ ఉంది. కంప్యూటర్ గది తలుపు దగ్గర ఒకామె నిలబడి ఉంది. ఇస్త్రీ మడత నలగని వెంకటగిరి చీర, తలమీదికి నెట్టిన నల్లకళ్ళద్దాలు. స్టేషన్‌లో మగవాళ్ళందరూ ఆమెకు దారి ఇచ్చి పక్కకి తప్పుకుంటున్నారు.

"ఏసీ వేసినా ఉక్కపోతేనండి," అంది.

"గ్యాసు అయిపోయుంటుందండి," అన్నాడు చంద్రరావు.

కోడ్ సరిపోయింది. ఆమె తలుపు తీసి, లోపలికి వచ్చి గడియ వేసింది. చంద్రరావు కేబుల్ తగిలించి, ఫ్లాపీ పెట్టి, స్క్రిప్ట్ నడిపించాడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

'చంద్రం, చేతులు ఒళ్ళో పెట్టుకో. నేను చూసుకుంటా.'

అతని వేళ్ళు కీబోర్డు మీంచి వాటంతటవే వెనక్కి వచ్చాయి. చంద్రం అని పిలిచేవాడు లోకంలో ఒక్కడే, ఆ ఒక్కడూ కాకినాడ మార్చురీలో ఉన్నాడు. ఇది ఏసురాజు ముందే రాసిపెట్టిన మాటేనని తెలుసు. తెలిసినా అతను వెనక్కి తిరిగి, గది మూలన ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

'ఒకటి దొరికింది. మార్చాను.'

కిందినుంచి గొట్టాల రొద నేలలోంచి పాదాలకి తగులుతోంది. గోడ గడియారం మూడూ పన్నెండు.

'రెండోది. వీడెవడో గానీ బాగా రాశాడు.'

మూడోది దొరికేసరికి మూడూ పంతొమ్మిది. అప్పుడు ఇంకో వాక్యం వచ్చింది.

'నాలుగోది కూడా ఉందని నా అనుమానం. నాకు దొరకలేదు. నువ్వొస్తే ఇద్దరం వెతుకుదాం.'

అంతే. స్క్రిప్ట్ అక్కడితో అయిపోయింది. చంద్రరావు ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. వెతకాలంటే లక్ష లైన్ల ప్రోగ్రాం ఉంది. చేతిలో పది నిమిషాలున్నాయి.

వెనక నిలబడ్డ మంజుష కూడా చదివింది. ఆమె గోడకి ఆనుకుంది.

"ఇది ఆయన రాసిందేనా అండీ?"

చంద్రరావు తలూపాడు.

"ఆయన ఏ బండికి వెళ్తున్నారో నన్ను నమ్మి చెప్తే, వాళ్ళకి చేరవేసింది నేనేనండి," అంది. "ఫ్లాపీ లాక్కుంటారనుకున్నాను. చంపుతారనుకోలేదు."

అతనికి ఆ క్షణాన లేచి ఆమె గొంతు పట్టుకోవాలనిపించింది. లేవలేదు. నాలుగోది ఎక్కడుందో తెలుసా అని అడిగాడు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"సైరన్ ప్రోగ్రాంలో ఉందండి. వాల్వుల జోలికి వెళ్ళేవాళ్ళెవరూ సైరన్ వైపు చూడరని అక్కడ పెట్టారు. ఏప్రిల్లో సీడీ పెట్టింది నేనే. సమాచారం దొంగిలించడానికని చెప్పారు నాకు."

"నువ్వు చెప్పేది అబద్ధమైతే?"

"ఈ గొట్టం పక్కనే బడి ఉందండి. మా చెల్లెలు పావని అందులో టీచరు. మూడున్నరకి పిల్లల్ని ఆటలకి బయటికి తెస్తుంది. మూడున్నరకని నాకు మీ చీఫ్ గారు ఫోన్ చేసేదాకా తెలీదు." ఆమె కళ్ళద్దాలు తీసి చేతుల్లో తిప్పుతోంది. "నన్ను నమ్మకండి. మీరే చూసుకోండి."

చంద్రరావు సైరన్ ప్రోగ్రాం తెరిచాడు. మూడూ ఇరవై ఆరుకి కనబడింది, గడియారాన్ని చూస్తూ కూర్చున్న పన్నెండు లైన్ల ముక్క. ఇక దాన్ని ఆపే స్క్రిప్ట్ తనే రాయాలి, ఏసురాజు భాషలో. ఒకప్పుడు తను నవ్విన భాషలో. ఎక్కడ ఆగాలో రాశాడు. దేన్ని చూడాలో రాశాడు. మార్చు, సాగు. నడిపించాడు.

తెర మీద మళ్ళీ అక్షరాలు.

'స్పెల్లింగు చూసుకో, చంద్రం.'

మార్చులో ఒక అక్షరం పోయింది. తప్పు చేసినవాడికి చెప్పాల్సిన మాట కూడా ఏసురాజు ముందే రాసిపెట్టాడు. చంద్రరావుకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చెమటకి వేళ్ళు జారుతున్నాయి. గోడ గడియారం మూడూ ఇరవై తొమ్మిది దాటింది. అక్షరం దిద్దాడు. మంజుష పెదాలు కదుపుతూ సెకన్లు లెక్కపెడుతోంది. యాభై ఆరు. యాభై ఏడు. అతను ఎంటర్ నొక్కాడు.

'సాగు.'

మూడున్నర అయింది. మూడూ ముప్ఫై ఒకటి అయింది. నేలలోంచి వచ్చే రొద మారలేదు. దూరంగా ఎక్కడో బడిగంట, ఆ వెనకే పిల్లల కేకలు వినిపించాయి. మంజుష అక్కడే చీర నలుగుతుందని చూసుకోకుండా నేలమీద కూలబడి ఏడ్చింది.

ఉంగరం పెద్దమనిషి పేరు, అతను దిగిన హోటలు ఆమే చెప్పింది. మర్నాడు ఉదయం విశాఖలో విమానం మెట్లెక్కుతుంటే పట్టుకున్నారు. ఆమెను జీపెక్కించేటప్పుడు, తన గురించి రిపోర్టులో ఏం రాస్తారని చంద్రరావుని అడిగింది. జరిగిందంతా రాస్తానన్నాడు. రెండు సంగతులూ రాస్తానన్నాడు.

మెషిన్‌ని మాత్రం ఆపడానికి లేదు. దిద్దిన ముక్కలు మళ్ళీ మళ్ళీ మొదటికి వస్తుంటాయి కనక, కొత్త మెషిన్లు వచ్చేదాకా మూడు నెలలు ఆ స్క్రిప్టే దాన్ని కాపలా కాయాలి. అది దొంగ ముక్కల్ని సెకనుకి ముప్ఫైసార్లు ఆపుతూ, చూస్తూ, మారుస్తూ, సాగనిస్తూ ఉండిపోయింది. ఏసీ వంకతో చంద్రరావు వారానికోసారి వెళ్ళి ఆ గదిలో కూర్చునేవాడు. ఆపరేటర్లు మొదట్లో ఆ తెర వైపు చూడటానికే భయపడేవాళ్ళు. తర్వాత తర్వాత డ్యూటీ దిగుతూ దానికి, వస్తామండి, అని చెప్పి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు.

రిపోర్టులో కుట్రను భగ్నం చేసినవారు అన్న చోట చంద్రరావు ఏసురాజు పేరు రాశాడు. ఢిల్లీ నుంచి ఫైలు తిరిగొచ్చింది. సదరు ఉద్యోగి సంఘటనకు ముందురోజే మరణించినందున, ఆ తేదీన ఆయన విధుల్లో ఉన్నట్టు చూపడం నిబంధనలకు విరుద్ధం, సవరించి పంపగలరు అని రాశారు.

చంద్రరావు పెన్ను తీసి కింద ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి పంపేశాడు: సదరు ఉద్యోగి ఇంకా డ్యూటీ దిగలేదు.