కోడలి చెవుల్లో కథల బడి

పొద్దున ఏడు గంటలకు మైసయ్య కోడలిని మూడోసారి పిలిచాడు.

"ఓ సుచరితా! తానానికి నీళ్ళు కాగినయా? లేకుంటె నీళ్ళెట్ల కాగుతయో ఎవడన్న చెప్తాంటె ఇంటున్నవా?"

కుట్టుమిషను ముందు కూర్చున్న సుచరితకు ఆ మాట చేరలేదు. ఆమె రెండు చెవుల్లో ఫోను మాటలు వినే రెండు తెల్లని బిరడాలున్నాయి. కాళ్ళు మిషను తొక్కుతున్నాయి, చేతులు రవికకు అంచు పడుతున్నాయి. తల మాత్రం ఎవరో పెద్దమనిషి చెప్పేదానికి ఒప్పుకుంటున్నట్టు మెల్లగా ఊగుతోంది.

మైసయ్య తుపుక్కున ఉమ్మి, నోట్లో వేపపుల్లను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకున్నాడు. కోడలికి మూడేళ్ళుగా ఇదే రోగం. కథలు రాసేవాళ్ళను కూర్చోబెట్టి, కథ ఎట్లా రాస్తారని గంటల కొద్దీ అడిగే ముచ్చట్లట. పాడ్‌కాస్టులట. అవి విని తానూ కథలు రాయడం నేర్చుకుంటోందట. మిషను తొక్కుతూ వినడం, వంటచేస్తూ వినడం, అన్నం వార్చాక ఫోనులో టకటకా రాయడం. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మొన్న అసలు పడనే లేదు.

ఒకసారి మైసయ్య కూడా ఒక బిరడా లాక్కుని చెవిలో పెట్టుకుని చూశాడు. లోపల ఒకాయన, తాను కథ రాసే ముందు ఏ కిటికీ పక్కన కూర్చుంటాడో, ఆ కిటికీలోంచి ఏ చెట్టు కనబడుతుందో చెబుతున్నాడు. అరగంటయినా కిటికీ దాటి బయటికి రాలేదు. అదే అరగంటలో మైసయ్య అయితే మూడు కథలు చెప్పి, రెండు చాయ్‌లు తాగి, ఒకరితో కొట్లాట పెట్టుకుని రాజీ కూడా పడేవాడు.

"ఈ మొగోనికి కథ రాదు పిల్లా," అన్నాడు బిరడా తిరిగిచ్చేస్తూ. "వస్తె కథనే చెప్పును గదా! కిటికెందుకు చెప్తడు?"

దేవరకొండ చుట్టుపక్కల పది ఊళ్ళలో మైసయ్య కథ వినని మనిషి లేడు. ఖిల్లా మీద పడిన పిడుగును గొంగట్లో మూటగట్టుకొచ్చి, నెలరోజులు దాంతోనే చుట్ట ముట్టించుకున్నానని ఆయన చెబుతుంటే, గుర్వయ్య చాయ్‌హోటల్లో జనం గ్లాసులు కింద పెట్టడం మర్చిపోయేవారు. ఆయన ఐదో తరగతితో బడి మానేశాడు. ఏ పంతులూ ఆయనకు కథ నేర్పలేదు. అట్లాంటివాడి ఇంట్లో, అట్లాంటివాడి కోడలు, కథలు నేర్చుకోవడానికి పట్నపోళ్ళ గొంతులు వినడమా! ఆ అవమానం మైసయ్యకు మెతుకు మెతుకుకూ అడ్డం పడుతోంది.

పోనీ రాసింది ఏమన్నా వెలిగిందా అంటే, రెండు నెలల కిందట ఏదో కథల సైటులో ఒకటి వచ్చింది. పదకొండు మంది చదివారట.

"పదకొండు మందా? గుర్వయ్య హోటల్ల నా కథ ఇనేటి కుక్కలే పదిహేనుంటయి."

కొడుకు శ్రీశైలం ట్రాక్టరు నడుపుతాడు. ఇద్దరి మధ్యా నలిగి నలిగి చివరికి వారం కిందట తేల్చి చెప్పాడు. బాపుకు నచ్చితే రాసుకో, లేకుంటే బందు పెట్టు. ఆ సైటువాళ్ళు ఆడవాళ్ళకు కథల పోటీ పెట్టారు. దానికి సుచరిత ఒక కథ సిద్ధం చేసుకుంటోంది. పంపడానికి ఆఖరు గడువు ఈ సాయంత్రమే.

మైసయ్య తానం చేసి, తువ్వాలు చుట్టుకుని ఇంట్లోకి వచ్చేసరికి ఒక వింత కనబడింది. కొయ్యకు తగిలించిన ఆయన అంగీ జేబులో కోడలి చెయ్యి ఉంది. బీడీకట్ట, అగ్గిపెట్టె, ముళ్ళు తీసే చిమటా, సగం కొరికిన వక్క మంచం మీద వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ చూసి ఫోనులో రాసుకుంటోంది.

మైసయ్యకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే సంబరమే వచ్చింది. మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న సందు ఇన్నాళ్ళకు దొరికింది.

"శ్రీశైలం! రార, జల్ది రా! నీ పెండ్లాం సదువు యాడిదాక వచ్చిందో సూడు! ముసలోని జేబుల చెయ్యి వెట్టింది!"

సద్దరొట్టె తింటున్న శ్రీశైలం చేతిలో ముక్కతోనే వచ్చాడు. రవిక కుట్టించుకోవడానికి వచ్చిన పక్కింటి యాదమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. యాదమ్మకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు వంకర తిరిగి, గోడ పట్టుకుని నడుస్తుంది. అయినా గొడవ జరిగే ఇంటికి అందరికంటే ముందే చేరుతుంది.

"ఏంది సుచరితా గిది?" అన్నాడు శ్రీశైలం.

"నిన్న ఒక రచయిత్రి చెప్పింది," అంది సుచరిత, తల దించుకుని. "కథల ఉండే మనిషి జేబుల ఏమేముంటయో రాసేటోళ్ళకు తెలిసుండాలెనట. తీసుకోలేదు మామా, సూసిన అంతే."

మైసయ్య పగలబడి నవ్వాడు. "జేబులు దేవులాడితె కథలొస్తయా? గట్లయితె బస్టాండ్ల జేబులు కొట్టేటోళ్ళంత పెద్ద రచయితలే గావాలె! యాదమ్మా, ఇన్నవా?"

యాదమ్మ కూడా నోరు తెరిచి నవ్వింది. శ్రీశైలం మూతి కూడా కదిలింది. ఆ నవ్వులు ఆగకముందే మైసయ్యకు ఒక మాట తట్టింది.

"ఆగు. కథల ఉండే మనిషంటె… నేనా?"

"నువ్వు గూడ ఉన్నవ్ మామా."

మైసయ్య తువ్వాలు సర్దుకుని మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. డెబ్బై రెండేళ్ళు వచ్చినా ఆయన వెన్ను కర్ర పెట్టినట్టే ఉంటుంది. "అయితె సదువు. అందరి ముంగట సదువు. మంచిగుంటె సక్కగ పంపుకో. లేకుంటె ఆ చెవుల బిరడాలు తీసి పొయ్యిల వెయ్యి. ఏమంటవ్ రా?"

"మంచిగనే అన్నవ్ బాపు. ఇయ్యాలతోని తేలిపోవాలె," అన్నాడు శ్రీశైలం.

సుచరిత ఫోనులో కథ తీసింది. "నడుమ ఆపొద్దు మామా," అని చదవడం మొదలుపెట్టింది.

"మొగుడు కథ చెప్పినప్పుడల్లా అందరికంటే ముందు ఆమే నవ్వేది. వాళ్ళ పెళ్ళినాడు తాళి కట్టేందుకు ఆమెను తల వంచుకొమ్మన్నాడట. మళ్ళీ ఎత్తుమని చెప్పడం తాను మర్చిపోయాడట. అందుకే తన పెళ్ళాం నడుం వంగిపోయిందని ఆయన హోటల్లో చెప్పేవాడు…"

"సూసిన్రా!" మైసయ్య తొడ చరిచాడు. "నా కథనే ఎత్తుకొచ్చింది! నకలు కొట్టుడు గూడ నేర్పుతున్నరా ఆ పాడ్‌కాస్టోళ్ళు?"

అది మైసయ్య కథలన్నిటికీ పెద్దన్న. ఆయన భార్య నర్సింగమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ ఊరి ఫ్లోరైడు బోరింగు నీళ్ళు తాగినవాళ్ళకు పళ్ళు పచ్చబడేవి, ఎముకలు బిగుసుకుపోయేవి. నర్సింగమ్మ నడుము నలభై ఏళ్ళకే వంగింది. యాభైకి ఆమె కళ్ళకు నేల తప్ప మరొకటి కనబడేది కాదు. మైసయ్య ఆ వంపు మీద అల్లిన కథకు నవ్వనివారు లేరు. ఆమె కూడా నవ్వేది.

సుచరిత ఆగలేదు. "తాను ముందు నవ్వితే, వెనక నవ్వేవాళ్ళ నవ్వు వినబడదని ఆమె లెక్క. ఆమె రోజూ చీకటితోనే లేచి, మైసమ్మ గుట్ట అవతల మంచినీళ్ళ బావికి పోయి ఒక బిందె తెచ్చేది. ఆ బిందె మొగుడికి, కొడుకుకు. మరి నీకో అంటే, నేను బావికాడనే కడుపునిండ తాగొచ్చిన అనేది."

"గట్లనే అనేది," అన్నాడు మైసయ్య. "అండ్ల కథేముంది? తాగినామె తాగిన అన్నది. పదకొండు మంది గాదు, ఈసారి ముగ్గురే సదువుతరు."

ఎవరూ నవ్వలేదు. యాదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

"బావా," అంది మెల్లగా. "నువ్వు ఎన్నడన్న ఆ బావికాడికి వచ్చినవా?"

"నాకేం పని? నీళ్ళు తెచ్చుడు మొగోళ్ళ పనా?"

"వస్తె తెలుస్తుండె. ఊరంతటికి అదొక్క ఊటనే గద బావా. ఇంటికొక బిందె వంతు. నీ బిందె నిండినంక ఒక్క దోసిలి ముంచినా ఎనకున్నామె జుట్టు వట్టేది. ఆడ తాగుడు యాడిది?"

"మరి…"

"తాగలే. ఒక్కనాడు గూడ తాగలే. మా ఇంట్ల బిందెడు నీళ్ళు తలా ఇంత పంచుకున్నం, చాలనిది బోరింగుది తాగినం. అందరికి తలా ఇంత వంగింది. మీ ఇంట్ల ఆమె ఒక్కతే బోరింగుది తాగింది, ఒక్కతే వంగింది."

శ్రీశైలం చేతిలోని రొట్టెముక్క కింద పడింది. అతని పళ్ళు తెల్లగా ఉంటాయి. ట్రాక్టరు మీదికి ఒక్క ఊపున ఎక్కుతాడు.

"అబద్ధం!" మైసయ్య లేచి కోడలి వైపు తిరిగాడు. "నీకెవరు చెప్పిన్రు ఇది?"

"అత్తనే చెప్పింది. నడుముకు నూనె రాస్తాంటె."

"నాకెందుకు చెప్పలే మరి? నలభై ఏండ్లు కాపురం చేసి నాకు చెప్పదా?"

సుచరిత తలెత్తి మామ కళ్ళల్లోకి చూసింది. "నువ్వెన్నడు అడిగినవ్ మామా? నువ్వు చెప్పేటోనివే గాని ఇనేటోనివా? ఆ పాడ్‌కాస్టుల వాళ్ళను ఎక్కిరిస్తవు. వాళ్ళు అన్నరు, రాసుడు తర్వాత, ముందుగాల ఇంట్లోళ్ళు ఏం చెప్తరో ఇనుమన్నరు. ఆ మాట పట్టుకొనే నేను అత్త పక్కన కూసున్న. ఇన్న. అంతే."

ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ మైసయ్యతో అట్లా మాట్లాడలేదు. ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. సుచరిత ఫోను వైపు చూసి, మిగిలిన రెండు ముక్కలూ చదివింది.

"ఎందుకట్లా చేశావని కోడలు అడిగింది. ఆమె నవ్వి, నిటారుగ నిలవడి చెప్తేనే బిడ్డా కథకు అందం, వంగి చెప్పేటోని కథ ఎవరింటరు, అంది."

మైసయ్య జీవితమంతా అబద్ధాలతో బతికాడు. ఎవరన్నా చిన్న కోత కోసినా ఇట్టే పట్టేసేవాడు. సంతలో పశువుల దళారులు ఆయన ముందు నోరు విప్పడానికి భయపడేవారు. అట్లాంటివాడికి తన ఇంట్లో రోజూ ఒక ఆడమనిషి ఒకే ఒక్క అబద్ధం చెప్పింది. ఇంటింటికీ మంచినీళ్ళ నల్లా వచ్చేదాకా, ముప్ఫై ఏళ్ళు, రోజూ అదే మాట. అందులో పిడుగు లేదు, ఖిల్లా లేదు. ఆయన ఒక్కరోజు కూడా అనుమానపడలేదు. అది నమ్మడం ఆయనకు సుఖంగా ఉండింది. తాగొచ్చానన్న మనిషి పెదవులు ఎండి ఉన్నాయో లేదో కూడా చూడలేదు. తన బతుకులో తాను చిన్నచూపు చూసిన ప్రతి మనిషీ ఇప్పుడు తనకంటే ఒక మెట్టు పైనే కనబడ్డాడు, కిటికీ ముచ్చట చెప్పిన ఆయనతో సహా.

"ఇది పంపొద్దు," అన్నాడు శ్రీశైలం, కళ్ళు తుడుచుకుంటూ. "ఊర్ల బాపు ఇజ్జత్ ఏం గావాలె?"

"మామ వద్దంటె పంప," అంది సుచరిత. "ఇప్పుడే తీసేస్త."

మైసయ్య గొంతు సవరించుకున్నాడు.

"పంపు బిడ్డా. గని ఆమె, ఆమె అని రాయకు. పేరు వెట్టు. నర్సింగమ్మ అని వెట్టు. నా పేరు గూడ వెట్టు."

సుచరిత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. "ఒక్కటి తక్కువైంది మామా. కథల అత్త నీళ్ళు మోస్తది, నవ్వుతది. ఆమెకు ఏదంటె ఇష్టముండెనో నాకు తెల్వదు. ఎన్నడు అడగలే. నువ్వన్న చెప్పు."

మైసయ్య నోరు తెరిచాడు. ఎప్పటిలాగే కథలు గుంపుగా తోసుకొచ్చాయి. నర్సింగమ్మ జాతరలో తప్పిపోతే తాను వెతికి తెచ్చిన కథ. ఆమె కోడిని నక్క ఎత్తుకుపోతే తాను నక్కతో మాట్లాడి విడిపించిన కథ. ఒక్కొక్కదాన్నీ పట్టి చూశాడు. అన్నిట్లోనూ నడుమ నిలబడి ఉన్నది తానే. ఒక్కదాన్ని కూడా బయటికి రానివ్వలేదు.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు చివరికి. ఆ మాట ఆయన నోట అదే మొదటిసారి. చెప్పాక ఏడుపు ఆగలేదు.

గడప దగ్గర నుంచి యాదమ్మ, "నాకు తెలుసు," అంది.

మైసయ్య మంచం దిగాడు. గోడ పట్టుకుని వస్తున్న యాదమ్మను చేయిపట్టి తెచ్చి తన మంచం మీద కూర్చోబెట్టాడు. తాను తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఆమె కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడ్డాడు.

"చెప్పు యాదమ్మా," అన్నాడు. "జర నిమ్మలంగ చెప్పు. నేను అడ్డం మాట్లాడ."