లస్మవ్వ ముడి

1965 సెప్టెంబర్, యుద్ధం రోజులు. మంచిర్యాల టేకు డిపో వెనక పోస్ట్‌మ్యాన్ గంగయ్య చీలిన కడుపు చేత్తో అదిమిపట్టుకుని పడి ఉన్నాడు.

"లస్మవ్వ కొడుకుల ఉత్తరం... గుంజుకపోయిండ్రు," అన్నాడు. అంతే, పోయాడు.

సిద్దిరాములు అతని కళ్లు మూశాడు. ఊరికి సిద్దిరాములు మెట్‌పల్లి నూలు సేటు. ఢిల్లీలోని గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు ఏజెంట్ 'తక్కెడ'. ఒక ఉత్తరానికి ఒక ప్రాణం ధర కట్టారంటే, వెనక రాబోయే లాభం చిన్నది కాదు. లస్మవ్వ కొడుకులు దశరథం, భూమన్న ఇద్దరూ జవాన్లు.

సాలెవాడకు పరుగెత్తాడు. మగ్గం ముందు లస్మవ్వ సంబరంగా ఉంది.

"సేటూ, నా కొడుకుల బండి గియ్యాల్నే మన టేషన్ల ఆగుతదంట! ఉత్తరంల రాసిండ్రట."

"ఉత్తరం నీకు అందిందా అవ్వా?"

"అందలే. మిలిటరీ నర్సమ్మ వచ్చి చెప్పింది. పిల్ల చందమామే అనుకో! టేషన్లకు బయటోళ్లను రానియ్యరంట. పోస్టుల పంపుదామని కట్టిపెట్టిన కారం అప్పాల మూట తనే ఇస్తనని తీస్కపోయింది."

అందని ఉత్తరంలోని మాట నర్సుకెలా తెలిసింది?

చందమామ లాంటి ముఖం, నర్సు వేషం... నళిని! శత్రువుల రహస్యాలు మన డిపార్ట్‌మెంట్‌కు అమ్ముతున్న అందగత్తె. రెండువైపులా కమీషన్ తింటోందన్నమాట.

స్టేషన్‌లో లస్మవ్వ కొడుకులు కాపలా ఉన్న మందుగుండు స్పెషల్ రైలు ఆగి ఉంది. తెల్ల యూనిఫాంలో నళిని అన్నదమ్ములకు మూట అందించి, నవ్వుతూ వెనక్కి జరుగుతోంది. కూలీ వేషంలోని ఆమె మనిషి కత్తితో సిద్దిరాములుకు అడ్డం వచ్చాడు. సిద్దిరాములు వెంట తెచ్చిన తూకం తక్కెడ దండెలో దాచిన బాకు దూసి అతని గొంతులో దించాడు.

"భూమన్నా, మూట విప్పకు!"

భూమన్న అప్పటికే ఆగిపోయాడు. "అన్నా, గిది అవ్వ ముడి గాదే!"

అక్షరం రాని లస్మవ్వ ప్రతి మూటకూ మగ్గం మీద తెగిన పోగు అతికే ముడి వేస్తుంది. కొడుకులకు అదే ఆమె సంతకం. ఈ మూటకున్నది జడ రిబ్బన్‌కు వేసే పువ్వు ముడి. లోపల గడియారం టిక్కుటిక్కుమంటోంది.

నళిని పిస్టల్ పేలింది. సిద్దిరాములు భుజం చీలింది. దశరథం రైఫిల్ మడమ ఆమె దవడ పగలగొట్టింది. సిద్దిరాములు మూట లాక్కుని, పట్టాల అవతల ఇంజన్ బూడిద గొయ్యిలోకి విసిరాడు.

నేల అదిరింది. బూడిద అందరి మీదా కురిసింది. బండి మాత్రం చెక్కుచెదరలేదు. నళిని చేతులకు బేడీలు పడ్డాయి.

భుజానికి కట్టు వేయించుకుంటూ సిద్దిరాములు తొంగిచూశాడు. దశరథం ఇన్‌లాండ్ లెటర్ రాస్తున్నాడు: "అవ్వా, నీ అప్పాలు అందినయి. జర ఉప్పెక్కువైంది."

"తినని అప్పాలకు వంక పెడ్తవేందయ్యా?"

"మెచ్చుకుంటే మా అవ్వ నమ్మది సేటూ."