గుర్వయ్య ఇంటి లావుగోడ

రామన్నపేటకు పోయే బండ్లబాట పక్కన గుర్వయ్య ఇల్లుండేది. పొద్దుగూకినంక ఎవ్వరూ ఆ దిక్కు పోకపోయేది. "ఆ ఇంటి గోడ దగ్గుతది" అనేటోళ్లు.

కట్టిన నాటి నుంచే అదొక వింత ఇల్లు. రజాకార్ల కాలంల గుర్వయ్యకు ఏం బుద్ధి పుట్టిందో ఏమో — వెనకగోడ ఇంత లావు పెట్టిండు. బయటినుంచి చూస్తే పెద్దిల్లు, లోపలికి పోతే ఇరుకు. "గుర్వన్నా, గోడ కట్టినవా, కోట కట్టినవా?" అని నవ్వితే, "ఎండకాలం చల్లగుంటది తియ్" అనేటోడు. పైగా ఆ గోడకు బయటిదిక్కు ఒక దీపంగూడు. ఇంటెనక, ముళ్లకంప దిక్కు దీపమెవనికి? ఎవ్వరికీ సమజ్ గాలే.

పోలీసుచర్య అయినంక మిలట్రోళ్లు ఎర్రజెండా సంఘపోళ్ల కోసం ఊరూరు గాలించవట్టిరి. గుర్వయ్య తమ్ముడు ఐలేశం సంఘంల ఉండె. ఒకనాడు గుర్వయ్య నెత్తుటి రుమాలు పట్టుకొచ్చి, "తమ్మున్ని అడవిల కాల్చేసిండ్రు" అని కూలవడ్డడు. ఆ ఇంటెనకనే ఐలేశం పెండ్లాం అండాలు గాజులు పగలగొట్టిండ్రు, పుస్తె తెంపిండ్రు. ఆమె ఏడుపు జూసి, ఎతుకవచ్చిన మిలట్రోళ్లే తలకాయ దించుకొని పోయిండ్రు. మళ్ల రాలే.

"తమ్ముడు దెయ్యమై తిరుగుతాండు" అని గుర్వయ్య అందర్నీ తీసుకొని పాతింటికి మారిండు. ఇల్లు పాడువడ్డది.

ఏడాది తిరిగింది. ఒకనాడు మాపటీలి మేకపిల్ల తప్పిపోయింది. ఎతుక్కుంట ఎతుక్కుంట అండాలు ఆ ఇంటెనక్కి వచ్చేసరికి చీకటివడ్డది...

ఖళ్... ఖళ్...

అండాలు ఆగిపోయింది. ఆ దగ్గు ఆమెకెరుకే. చలికాలం పక్కల పండి రాత్రంతా విన్న దగ్గు — చివర్ల సన్నగ ఈలేసినట్టు...

ఉరుకుదామనుకున్నది. పాణం ఒప్పలే. "దెయ్యమైతేంది... నా మొగడే గదా" అని గోడకు చేతులు జోడించింది. "ఒక్కపారి కనవడు..."

కంపల అడుగుల చప్పుడు! అండాలు గోడమూలకు ఒదిగింది.

వచ్చింది అత్త పుష్పమ్మ. కొంగుచాటున జొన్నగటక ముంత. దీపంగూడుల చెయ్యి పెట్టి మెల్లగ తట్టింది. గూడు వెనకపలక పక్కకు జరిగింది... లోపలినుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.

అండాలు ఉరికి ఆ చెయ్యి పట్టుకున్నది.

వెచ్చగుంది.

"అండాలూ..." గోడలోపలినుంచి ఐలేశం పిలిచిండు. "నీకు ముందే చెప్తే... నువ్వు గట్ల ఏడ్వకపోదువు. మిలట్రోళ్లు నమ్మకపోదురు. అందుకే అన్న, అవ్వ, నేను కలిసి ఈ నాటకమాడినం..."

"నా గాజులు పగలగొట్టిన్నాడు..." అండాలు ఆ చెయ్యిని ఇంకింత గట్టిగ పట్టుకున్నది. "నువ్వు గీడనే ఉన్నవా?"



"ఉన్న... అంత విన్న."

ఆమె చెయ్యి విడిచిపెట్టింది.

పుష్పమ్మ కాళ్లమీద వడ్డది. "ఒర్రకు బిడ్డా, మెల్లగ... మిలట్రోళ్ల క్యాంపు దగ్గర్నే ఉంది. నా కొడుకును పట్టుకపోతరు..."

"సచ్చినోన్ని ఎవలు పట్టుకపోతరు అత్తా?" అన్నది అండాలు.

ఒర్రలే. ఎవ్వరికీ చెప్పలే. కంప దాటి, నార్కట్‌పల్లి దిక్కున్న తల్లిగారూరికి ఆ చీకట్లనే నడిచిపోయింది.